ఫ్రెంచి క్రియాపదము: ప్రకృతి, ప్రత్యయము

1842లో బెషెరెల్ సోదరులు ఫ్రెంచి క్రియారూపములను సమకూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. నేటికిని ఫ్రాన్సు దేశమున అట్టి పట్టికల పుస్తకమును 'బెషెరెల్' అనియే వ్యవహరింతురు. పుటలకు పుటలు నిండిన ఆ పట్టికలను చూచినంతనే క్రొత్త విద్యార్థికి గుండె జారుట సహజము. శబ్దమంజరి వలె వల్లె వేయబూని, పదవ క్రియ కడకు వచ్చునప్పటికే పుస్తకము మూయువారు కలరు. లోపము వారిది కాదు. పదమును విడదీసి చూపక వల్లె వేయించుటయే లోపము.

ధాతువు, ప్రత్యయము అను మాటలు మనకు క్రొత్తవి కావు. సంస్కృతమున 'పఠ్' ధాతువునుండి పఠామి, పఠసి, పఠతి అను రూపములు ఏర్పడుచున్నవి. ఫ్రెంచిదియు ఇదే త్రోవ. 'మాటలాడుట' అను అర్థముగల 'పార్లే' అను క్రియలో 'పార్ల్' ప్రకృతి. వర్తమానమున దీనిపై చేరు ప్రత్యయములు వ్రాతలో ఐదు రూపముల నిచ్చును. వినబడునవి మాత్రము మూడే. నేను, నీవు, వాడు, వారు అను నాలుగింటను 'పార్ల్'. మేము అన్నచో 'పార్లోఁ'. మీరు అన్నచో 'పార్లే'. తక్కిన అక్షరములు కాగితముపై నిలిచినవి గాని నోట పలుకవు. తెలుగున 'వచ్చితిని' అన్నచో 'నేను' అననక్కరలేదు. ఫ్రెంచిలో సర్వనామము విడిచినచో కర్త ఎవరో సాధారణముగా తెలియదు. ఆ భాషా క్రియలలో అత్యధిక భాగము ఈ తరగతికి చెందినవే. కంటికి ఐదు, చెవికి మూడు అని తొలినాడే చెప్పిన ఉపాధ్యాయుడు శిష్యుని భారమును సగము దించినవాడగును.

భవిష్యత్కాలము మరింత సులభము. ఏ క్రియకైనను ప్రత్యయములు ఒక్కటే: ఏ, ఆ, ఆ, ఓఁ, ఏ, ఓఁ. ఇవి 'కలిగియుండుట' అను అర్థముగల 'అవ్వార్' క్రియ యొక్క వర్తమాన రూపముల శేషములు. 'మాటలాడుటకు కలిగియున్నాను' అను పలుకుబడి కుదించుకొని 'పార్లెరే' ఐనది. మన 'చేయుచు ఉన్నాను' అనునది 'చేయుచున్నాను' అయి, వ్యవహారమున 'చేస్తున్నాను' ఐనట్లే. ఒకనాటి క్రియ నేడు ప్రత్యయమైనది.

ఇక విద్యార్థిని బెదరించునవి నియమము తప్పినవిగా తోచు క్రియలు. 'వచ్చుట' అను అర్థముగల 'వెనీర్' క్రియకు 'వాడు వచ్చును' అన్నచో 'వియాఁ'. 'మేము వత్తుము' అన్నచో 'వెనోఁ'. ప్రకృతి యేల మారినది? లాటిన్ భాషలో 'వెనిత్' అనునపుడు ఊనిక తొలి అక్షరముపై పడెడిది. 'వెనీముస్' అనునపుడు రెండవదానిపై పడెడిది. ఊనిక పడిన అచ్చు కాలక్రమమున మారినది. పడనిది దాదాపు అట్లే నిలిచినది. 'ఋణపడుట, చేయవలసియుండుట' అను అర్థములుగల 'దెవ్వార్' క్రియయందు 'ద్వా', 'దెవోఁ' అను భేదమునకును ఇదియే హేతువు. ఈ ఒక్క కారణము తెలిసినవానికి పెక్కు పట్టికలు ఒకే పట్టికగా కనబడును.

మన బిడ్డలు 'వచ్చెను' అనియు, 'రాడు' అనియు తడబాటు లేక పలుకుదురు. ఆ రెండును వేరు ధాతువులవలె తోచును. కాని తమిళపు 'వర' అను రూపముతో పోల్చి చూచినచో, 'వర' వర్ణవ్యత్యయముచే 'వ్రా' అయి, పిదప 'రా' ఐనదని తేటపడును. నియమభంగమని తోచినది చరిత్రయే.

ఈ చరిత్ర ఒక్కొక్కచోట మన ముంగిటికే వచ్చును. 'ఉండుట' అను క్రియకు ఫ్రెంచిలో ఏకవచనము 'ఎస్త్' అని వ్రాసి 'ఏ' అని పలుకుదురు, బహువచనము 'సోఁ'. లాటిన్‌లో ఇవి 'ఎస్త్', 'సుంత్'. సంస్కృతమున 'అస్తి', 'సంతి'. ఏకవచనమున నిలిచిన తొలి అచ్చు బహువచనమున లోపించుట మూడింటను సమానము. శతాబ్దముల దూరమున నున్న సోదర భాషల పోలిక ఇది.

కావున పట్టికను విడువనక్కరలేదు. దానిని చదువు తీరు మార్చుకొనవలెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై క్రియారూపమును వ్రాయునపుడు ప్రకృతికిని ప్రత్యయమునకును నడుమ ఒక నిలువుగీత గీయవలెను. గీతకు కుడివైపున నున్నవి కొలదియే. అవి కంఠస్థములు కావలెను. ఎడమవైపున మార్పు కనబడినచో 'ఏల?' అని అడుగుటకు శిష్యునికి చనువీయవలెను. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి పదవ క్రియ కడ పుస్తకము మూయడు.