క్రిస్మస్ తాత వెళ్ళిపోయాక

గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల్లో పెరిగిన మాకు క్రిస్మస్ అంటే గుమ్మం మీద వెలిగే కాగితపు నక్షత్రం, అర్ధరాత్రి కేరల్స్ పాడుతూ వచ్చే గుంపు, తెల్లవారితే కొత్తబట్టలతో ఆరాధన, ఇంటికొచ్చాక అరిసెలు. క్రిస్మస్ తాత మాకూ ఉండేవాడు. కేరల్స్ గుంపులో ముసుగేసుకుని గంతులేస్తూ చాక్లెట్లు పంచేవాడు. ఆ ముసుగు వెనక ఉన్నది ఎవరబ్బాయో అందరికీ తెలుసు. నమ్మే పనీ లేదు, నమ్మించే పనీ లేదు.

అమెరికా తాత కనపడడు కాబట్టి ఆయన్ని నమ్మాలి. 1823లో ట్రాయ్ పట్టణపు పత్రికలో పేరు లేకుండా అచ్చయిన ఒక పద్యం ఆయనకి ఎనిమిది రెయిన్‌డీర్ల బండినిచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ 'హార్పర్స్ వీక్లీ'లో వేసిన బొమ్మలు రూపాన్నిచ్చాయి. 1897లో వర్జీనియా అనే ఎనిమిదేళ్ళ పాప అసలు ఆయన ఉన్నాడా అని అడిగితే, 'న్యూయార్క్ సన్' పత్రిక ఉన్నాడంటూ సంపాదకీయమే రాసింది. 1955 నుంచి సైన్యం వాళ్ళు ఆయన బండి ఎక్కడిదాకా వచ్చిందో పిల్లలకి చెబుతున్నారు. ఇన్నేళ్ళుగా ఇంతమంది సపోర్ట్ చేస్తున్న సిస్టమ్ మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కూడా అరుదే!

అంత చేసినా, ఒక్కో పిల్ల దగ్గర ఆ తాతకి అయిదారేళ్ళే ఆయుష్షు. మా అమ్మాయి తాత తెచ్చిన పెట్టె మీది కాగితమూ, అల్మారాలోని చుట్టా ఒకటేనని ఎనిమిదో ఏట కనిపెట్టింది. తమ్ముడికి చెప్పలేదు సరికదా, తాత కోసం పెట్టిన కుకీలు కొరికి, ఎడమచేత్తో జవాబు రాసే ఉద్యోగం తనే తీసుకుంది. తమ్ముడికీ తెలిసిపోయాక ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడు 25వ తేదీ పొద్దున పదింటిదాకా ఎవరూ లేవరు. చర్చి నాటకంలోనూ అంతే. దేవదూత రెక్కలు పట్టని వయసొస్తే పిల్లలు మైకుల దగ్గరికి చేరతారు. ఈ దశలో చాలా ఇళ్ళల్లో పండుగ గిఫ్ట్ కార్డులతో సరిపోతుంది.

మా ఇంట్లో బరువు 24 రాత్రికి మారింది. తూర్పు తీరంలో మాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే గుంటూరులో 25 ఉదయం ఏడు. మా అమ్మ గుడికి బయల్దేరే వేళ. వీడియో ఫోన్లో ఆవిడా, మేమూ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' నుంచి ఒక పాట పాడతాం. చిన్నప్పుడు పిల్లలు ఈ పాట ఎప్పుడవుతుందా, పెట్టెలు ఎప్పుడు విప్పుదామా అని చూసేవారు. ఇప్పుడు పెట్టెల తొందర లేదు. మా అమ్మాయి ఆపి, ఆ మాటకి అర్థమేమిటి నాయనమ్మా అని అడుగుతోంది. అది పాతకాలపు గ్రాంథికం; సగం మాటలకి నేనూ చెవి అటే పెడతాను.

అమ్మకి ఎనభై దాటాయి. ఆ పుస్తకంలో సగం ఆవిడకి కంఠతా వచ్చు, రాగంతో సహా. అమ్మాయి రెండేళ్ళలో కాలేజీకి వెళ్ళిపోతుంది. పోయిన డిసెంబరు నుంచి ఆదివారాలు కూడా ఫోన్ చేసి, పాటలు రికార్డు చేసుకుంటూ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటోంది. ఇప్పటికి పదకొండయ్యాయి. పన్నెండోది నాయనమ్మ రెండు వరసల్లో పాడింది, ఏది తమ ఊరిదో తేల్చుకోలేక వచ్చే వారానికి వాయిదా వేసింది.