అక్షరాలు కోసే యంత్రం... ఇంటికొచ్చింది!

బండి వెనక ‘అమ్మ దీవెన’. ఆటో అద్దం మీద ‘శ్రీ పైడితల్లి అమ్మవారి కటాక్షం’. బడి తలుపు మీద ‘ప్రధానోపాధ్యాయుల గది’. కిరాణా కొట్టు గాజుబల్ల మీద ‘అప్పు రేపు’. శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో అలా నడుచుకుంటూ వెళ్తే కంటబడే ఇలాంటి అక్షరాలు చాలావరకూ రాసినవి కావు... కోసినవి!

మనమంతా ‘రేడియం స్టిక్కర్’ అని పిలుచుకునే ఆ రంగుల పొర అసలు పేరు వినైల్. దాన్ని అక్షరాలుగా కోయించాలంటే బజార్లో స్టిక్కర్ల షాపుకి వెళ్లడమే మొన్నటిదాకా దారి. ఇప్పుడు కుట్టుమిషన్ పక్కన సర్దుకునేంత చిన్న యంత్రం ఆ పని ఇంట్లోనే చేసిపెడుతోంది. పోపు డబ్బాల మీద పేర్లు, పాప పుట్టినరోజుకి గోడ మీద అంకె, పెళ్లి కానుకల మీద వధూవరుల పేర్లు, సంక్రాంతికి గడప ముగ్గు... ఏదైనా సరే, కంప్యూటర్లో గీసి మీట నొక్కితే చాలు అంటారు అమ్మేవాళ్లు.

నిజంగా చాలా? అక్కడే ఉంది చిక్కు. ఆ యంత్రానికి కోయడం వచ్చు. తెలుగు రాదు!

రేడియంలో రేడియం లేదు

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. క్యూరీ దంపతులు 1898లో కనుక్కున్న మూలకం రేడియం. చీకట్లో మెరిసే రంగు తయారుచేసి గడియారాల అంకెలకు పూయడానికి ఒకప్పుడు దాన్ని వాడారు. ఆ రంగు పూసిన అమెరికా కార్మికురాళ్లు జబ్బుల పాలయ్యారు. తర్వాత్తర్వాత ఆ వాడకం పోయింది కానీ మెరిసేదానికల్లా ‘రేడియం’ అనే పేరు మన దగ్గర ఉండిపోయింది. బళ్ల మీద వేసే స్టిక్కర్లలో ఆ మూలకం లేనే లేదు. హెడ్‌లైటు పడగానే మెరిసే రకంలో ఉండేవి అతి చిన్న గాజుపూసలు. వెలుగు ఎటునుంచి వస్తే అటే తిప్పికొట్టడం వాటి పని. మెరవని మామూలు రంగులైతే వట్టి ప్లాస్టిక్ పొరలే.

ఆ ప్లాస్టిక్ పీవీసీ. గట్టిగా పెళుసుగా ఉండే ఆ పదార్థాన్ని మెత్తగా వంగేలా మార్చే పద్ధతిని 1926లో అమెరికాలోని బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ కనిపెట్టాడు. వెనక కాగితం ఒలిచి అతికించే లేబుళ్లను 1935లో స్టాంటన్ ఏవరీ తెచ్చాడు. ఈ రెండూ కలిస్తే మన స్టిక్కర్. దానిలో మూడు పొరలు... పైన రంగు వినైల్, మధ్యలో జిగురు, అడుగున జిగురు అంటుకోకుండా సిలికాన్ పూసిన కాగితం. పై పొర మందం మిల్లీమీటర్లో సుమారు పదహారో వంతు. యంత్రం కోయాల్సింది దాన్నే.

పైజమా ఎలాస్టిక్‌తో మొదలై...

కంప్యూటర్ చెప్పినట్టు వినైల్ అక్షరాలు కోసే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చి సైన్‌బోర్డుల తయారీని మార్చేసింది జోసెఫ్ గెర్బర్ స్థాపించిన కంపెనీ. వియన్నాలో పుట్టిన ఈ యూదు కుర్రాడు నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. కాలేజీలో లెక్కల గ్రాఫులతో కుస్తీపడలేక పైజమా నడుము ఎలాస్టిక్ ఊడదీసి దానిమీద గీతలు పెట్టి, సాగే స్కేలు చేసుకున్నాడు. అదే అతని తొలి ఆవిష్కరణ. కుట్టుపని ఫ్యాక్టరీల్లో గుడ్డను దానంతటదే కత్తిరించే యంత్రమూ అతనిదే. ఆ కంపెనీ నుంచే 1983లో ‘సైన్‌మేకర్ 3’ వచ్చింది. రోజంతా కుంచెతో రాసే బోర్డు గంటల్లోకి వచ్చేసింది.

ఆ తరహా యంత్రాలు, డీటీపీ సెంటర్లు, వాటి వెనకే ఫ్లెక్సీలు మన పట్టణాలకూ చేరాయి. బోర్డు చివర చిన్న అక్షరాలతో ఫలానా ‘ఆర్ట్స్’ అని సంతకం చేసుకునే పెయింటర్ల చేతిలో పని తగ్గిపోయింది.

కాలం యంత్రాన్నీ వదల్లేదు. స్టిక్కర్ల షాపులకు నిత్యం అన్నం పెట్టిన పని నంబరు ప్లేట్లు. శ్రీకాకుళం బండికి ఏపీ 30, విజయనగరం బండికి ఏపీ 35... ఈ అంకెలు ఎన్నిసార్లు కోశారో లెక్కలేదు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరయ్యాయి. అంటే అంకెలు స్టిక్కర్లుగా అతికించే రోజులు పోయాయి. ఇంట్లో యంత్రం ఉంది కదా అని నంబరు ప్లేటు కోసుకుందామనుకునేవాళ్లూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇళ్లలోకి వచ్చిన యంత్రాల కథ 2006తో ఊపందుకుంది. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ప్రోవో క్రాఫ్ట్ కంపెనీ ‘క్రికట్’ పేరుతో చిన్న కటింగ్ యంత్రం తెచ్చింది. మొదట్లో అక్షరాలూ బొమ్మలూ ఉన్న కార్ట్రిడ్జ్‌లు గుచ్చి వాడాల్సి వచ్చేది. తర్వాత అంతా కంప్యూటరూ, సెల్‌ఫోనే. సిల్హౌట్, బ్రదర్ లాంటి కంపెనీల యంత్రాలూ వచ్చాయి. ఇంటి యంత్రాల్లో ఎక్కువగా కనిపించే వెడల్పు అడుగు. షాపుల్లో వాడే ప్లాటర్లు రెండడుగులూ ఆపైనే.

ఘంటం నేర్పిన పాఠం

యంత్రంలో ఉండే కత్తి మొన గుండుసూది మొన కన్నా పెద్దగా ఉండదు. వినైల్‌కి సాధారణంగా 45 డిగ్రీల వాలున్న కత్తి, మందపాటి వాటికి 60 డిగ్రీలది. గీత ఎటు తిరిగితే కత్తి అటు తనంతట తానే తిరుగుతుంది... ఆసుపత్రి స్ట్రెచర్ చక్రంలాగా.

అసలు విద్యంతా లోతులో ఉంది. కత్తి వినైల్‌ని పూర్తిగా కోయాలి, అడుగు కాగితాన్ని మాత్రం తెంచకూడదు. తాటాకు మీద ఘంటంతో రాసిన మన పాతకాలం లేఖకులకు ఇది బాగా తెలిసిన విద్యే. ఆకు మీద గీత పడాలి కానీ ఆకు చిరగకూడదు. తెలుగు అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఆ తాటాకే కారణమని చెబుతుంటారు.

మరి లోతు సరిపోయిందని ఎలా తెలుస్తుంది? పని మొదలుపెట్టే ముందు రోల్ మూలలో ఒక చిన్న చదరం కోయించి చూడాలి. చదరం తేలిగ్గా లేచిరావాలి. దాని కింద కాగితం మీద సన్నటి గీత జాడ మాత్రమే ఉండాలి. కాగితం చిల్లు పడితే ఒత్తిడి ఎక్కువైనట్టు. వినైల్ సాగి పీచులా లేస్తే ఒత్తిడి తక్కువైనట్టు, లేదా కత్తి మొద్దుబారినట్టు. రెండు నిమిషాల ఈ పరీక్ష మానేస్తే రోల్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది.

కోత అయ్యాక అక్షరాల చుట్టూ, లోపలా ఉన్న అక్కర్లేని వినైల్‌ని పట్టకారుతో ఏరేయాలి. ఈ పనికి ఇంగ్లిషులో పేరు వీడింగ్. అచ్చంగా మన కలుపు తీతే! వరిచేల జిల్లాలకు వేరే వివరించాలా... కలుపుతో పాటు పైరు లేచిపోకుండా చూసుకోవడమే నేర్పు. ఆ తర్వాత అక్షరాల మీద ట్రాన్స్‌ఫర్ టేపు అతికించి, పాత ఏటీఎం కార్డుతో రుద్ది, అన్నిటినీ ఒక్కసారే కాగితం నుంచి లేపి కావాల్సిన చోట వేస్తారు. టీషర్టుల మీద ఇస్త్రీతో అంటించే రకమైతే బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. మామూలు స్టిక్కర్‌కి ఆ అవసరం లేదు.

ఒత్తు ఊడితే అర్థమే మారిపోతుంది

ఇంగ్లిషు అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. తెలుగులో అలా కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు... ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద ఒకటి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వీటిని సరిగా పేర్చలేక ఒత్తును పక్కకు తోసేస్తాయి. పేర్చినా ఇంకో ఇబ్బంది. ‘శ్రీకాకుళం’లో ‘శ్రీ’ చూడండి. ఒత్తూ, దీర్ఘమూ అక్షరంతో కలిసేచోట ఒక గీత మీద ఇంకో గీత పడుతుంది. తెర మీద అది కనిపించదు. కత్తి మాత్రం రెండు గీతల వెంటా వెళ్లి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది.

దీనికి విరుగుడు ఉంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో తెలుగు టైప్ చేసి, ఆ అక్షరాలను గీతలుగా మార్చి, ‘యూనియన్’ అనే ఆదేశంతో ఒకదానిమీద ఒకటి పడ్డ గీతల్ని కలిపేయాలి. ఆ ఫైలును ఎస్‌వీజీ రూపంలో దాచి యంత్రానికి ఇస్తే అది తెలుగని యంత్రానికి తెలియాల్సిన పనే లేదు. దానికి అది బొమ్మ!

అక్షరాలకు కొదవేం లేదు. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన యూనికోడ్ ఫాంట్లలో రెండింటి పేర్లు ‘గిడుగు’, ‘గురజాడ’. ఒకరు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు, ఇంకొకరు విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రాసినవారు. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన ఇద్దరి పేర్లూ ఇప్పుడు కత్తి కింద అక్షరాలుగా తిరుగుతున్నాయన్నమాట.

ఫాంటు ఎంపికలో ఒకటే జాగ్రత్త... సన్నటి గీతలు వద్దు. గీత మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే కలుపు తీసేటప్పుడు లేచిపోతుంది. ఆ లేచిపోయేది ఒత్తే అయితే? ‘అమ్మ దీవెన’ కాస్తా ‘అమ దీవెన’ అవుతుంది. ‘ధ’ కింద చిన్న గీత ఊడితే ‘ధనలక్ష్మి’ ‘దనలక్ష్మి’గా మిగులుతుంది. కుంచె పట్టిన పెయింటర్ రాస్తూ రాస్తూ చదువుకునేవాడు. తప్పుంటే ఆయన చెయ్యే ఆగేది. యంత్రం చదవదు, ఆగదు.

గడప మీదా... గోడ మీదా...

కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ. సున్నం వేసిన గోడ మీద స్టిక్కర్ నిలవదు, పొడితో సహా ఊడొస్తుంది. కొత్తగా రంగు వేసిన గోడైతే మూడు నాలుగు వారాలు ఆగాలి. గాజు, స్టీలు, నున్నటి పలకలు, ఎనామిల్ రంగు వేసిన తలుపులు... వీటికి బాగా పట్టుకుంటుంది. అద్దం మీద పెద్ద స్టిక్కర్ వేసేటప్పుడు రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు ముందుగా చల్లితే, సరిగ్గా వచ్చేదాకా అటూ ఇటూ జరుపుకోవచ్చు. కంచాలు, గ్లాసుల్లో తిండి తగిలే వైపు మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

గడప ముగ్గు స్టిక్కర్లు ఇప్పుడు బజారునిండా ఉన్నాయి. మార్గశిర గురువారాల్లో పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టే ఇళ్లలో పెద్దవాళ్లకు అవి నచ్చకపోవచ్చు. పిండి ముగ్గయితే చీమకు తిండి, ప్లాస్టిక్ ముగ్గు ఎవరికీ కాదు. మధ్యేమార్గం ఒకటుంది. ముగ్గును స్టిక్కర్‌గా కాకుండా అచ్చుగా కోసుకుని గడపకు తాత్కాలికంగా అతికించి, ఖాళీల్లో రంగు వేసి, ఆరాక పొర తీసేయొచ్చు. గడప మీద రంగే మిగులుతుంది.

తీసేసిన పొరలూ, కలుపు తీసిన ముక్కలూ ఏం చేస్తాం? చలిమంటలోనో, భోగిమంటలోనో మాత్రం వేయొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. లేజర్ యంత్రంతో వినైల్ కోయకూడదనేదీ ఇందుకే. పొడి చెత్తతో పాటు ఇచ్చేయడం మేలు.

కొనేముందు ఒక లెక్క

‘ఇంట్లో ఉండి సంపాదించుకోవచ్చు’ అన్న మాట విని అప్పుచేసి కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. రోల్ ఖరీదులో ఎంత వృథా పోతుంది? కత్తులు ఎన్నాళ్లకోసారి మార్చాలి? కలుపు తీయడానికి ఎంతసేపు పడుతుంది? బజార్లో షాపువాడు అదే పని ఎంతకు చేస్తాడు? పెద్ద బోర్డుల్లో ఆయనతో పోటీపడలేం. ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్కటి చేసివ్వాల్సిన చిన్న పనుల్లోనే ఇంటి యంత్రానికి చోటుంది. అన్నట్టు, కంపెనీల గుర్తులూ, సినిమా బొమ్మలూ కోసి అమ్మడం చట్టంతో చిక్కు తెచ్చిపెడుతుంది.

మరి ఎవరి దగ్గరా దొరకనిది ఏం చేయొచ్చు? మన ఊళ్లలో కుంచె పక్కన పెట్టేసిన పెయింటర్లు ఇంకా ఉన్నారు. వారిలో ఒకరితో మీ ఇంటి పేరో, కొట్టు పేరో తెల్ల కాగితం మీద నల్లరంగుతో రాయించి, ఆ చేతికి తగిన డబ్బిచ్చి, ఫొటో తీసుకోండి. ఇంక్‌స్కేప్‌లోనే ఆ ఫొటోను గీతలుగా మార్చే వీలుంది. అప్పుడు యంత్రం కోసేది ఏ ఫాంటూ కాదు, ఆయన చేతి వంపు. ఒకప్పుడు ఆ చేతిలో పని తగ్గించిన యంత్రమే ఇప్పుడు ఆ రాతను పదికాలాలు నిలబెడుతుంది.

ఇక ఆఖరి జాగ్రత్త. పైసా ఖర్చు లేనిది. కోసేముందు తెర మీది మాటను ఒకసారి పైకి చదవండి. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే వాళ్లచేత చదివించండి. ఒత్తులన్నీ వాటి చోట్లలో ఉన్నాయా? సరే... ఇప్పుడు మీట నొక్కండి!