డబ్బు పెట్టని పందెం

గవ్వలు, చింతపిక్కలు అటకెక్కాయి. పేకముక్కలూ కోడిపందేలూ మిగిలాయి. ఈ మధ్య ఖాళీలో కొత్తతరం బోర్డు గేమ్‌లకు చోటుందా? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు కళ్లతో కొన్ని పెట్టెలు విప్పి చూద్దాం.

గోదావరి జిల్లాల్లో మీసాలొచ్చిన మనిషి ఆటకు కూర్చున్నాడంటే చూసేవాళ్లు ముందు అడిగేది ‘పాయింటు ఎంత?’ అని. సంక్రాంతి మూడు రోజులూ బరుల పక్కన గుండాట బల్లలు వెలుస్తాయి. పెళ్లింట్లో భోజనాలయ్యాక మేడ మీద పేకకు దుప్పటి పరుస్తారు. డబ్బు లేకుండా ఆడేది పిల్లలు, కాదంటే పనీపాటా లేనివాళ్లు అని మనకో లెక్క. నోటు తీసి బల్ల మీద పెడితేనే ఆట రక్తి కడుతుందన్నది ఆ లెక్కలో అసలు సంగతి. కానీ రూపాయి పెట్టకుండా, ఓడితే రాత్రి నిద్ర పట్టనంత పట్టుదలగా పెద్దవాళ్లు ఆడే ఆటలు ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్నాయి. వాటిలో పణం పెట్టేది మన నిర్ణయాన్ని.

జర్మనీ పెట్టె

ఈ ఆటల పుట్టిల్లు జర్మనీ. అక్కడ ఏటా ఉత్తమమైన ఆటకు ‘స్పీల్ దెస్ యారెస్’ అనే బహుమతి ఇస్తారు. మొదటిది 1979లో ఇచ్చారు. ఎస్సెన్ నగరంలో 1983 నుంచి ఆటల సంత జరుగుతోంది. సినిమా పోస్టరు మీద దర్శకుడి పేరులాగా పెట్టె మీద ఆట రూపకర్త పేరు అచ్చవుతుంది. 1995లో వచ్చిన ‘కటాన్’ ఈ ఆటలను దేశాలు దాటించింది. దాన్ని రూపొందించిన క్లాస్ టాయిబర్ వృత్తిరీత్యా దంతాల ల్యాబ్ నడిపేవారు. 2023లో కన్నుమూశారు.

మన ఇళ్లలో ఒకప్పటి ‘బిజినెస్’ ఆట గుర్తు తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. అందులో ముందే దివాలా తీసిన పిల్లాడు మిగతావాళ్లు ముగించేదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి. పాచిక ఎంత చెబితే అంత నడవాలి. కొత్త ఆటల్లో చాలావాటిలో ఎవరినీ మధ్యలో లేపరు. చాలా పెట్టెలు గంటా గంటన్నరలో ముగుస్తాయి. అదృష్టం ఉంటుంది, కానీ అది తెచ్చిచ్చినదాంతో ఏం చేసుకోవాలో ఆటగాడే తేల్చుకోవాలి.

మన అరుగు మీదా ఉన్నదే

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. పులి–మేకనే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లు. పులి దూకి చంపుతుంది, మేకలు గుంపు కట్టి దారి మూస్తాయి. రెండు పక్షాల బలం వేరు, గెలిచే తీరు వేరు. 1983లో జర్మన్ బహుమతి గెలుచుకుని, తర్వాత ఫన్‌స్కూల్ కంపెనీ ద్వారా మన ఊళ్ల బొమ్మల కొట్లకూ చేరిన ‘స్కాట్లాండ్ యార్డ్’ లోపలి సూత్రమూ ఇదే. లండన్ పటం మీద ఒక్కడు దాక్కుంటాడు, మిగతావాళ్లంతా కలిసి చుట్టుముడతారు. వామనగుంటల్లో గింజలు పంచుతూ పోయే తెలివికి పాచికతో పనే లేదు. అష్టాచెమ్మాలో గవ్వలు ఎంత పడాలన్నది మన చేతిలో లేదు. ఏ కాయ నడపాలి, ఎవరి కాయ చంపాలి అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

పేక సంగతీ అంతే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే గుర్తించింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అన్నది అక్కడి వాదన. కాబట్టి పదమూడు ముక్కలు సర్దుకోవడం వచ్చిన ఏ బాబాయికైనా ఈ పెట్టెలు కొరుకుడు పడతాయి.

విప్పి చూస్తే

కటాన్: ముగ్గురు, నలుగురు ఆడేది. పంతొమ్మిది పలకల దీవి మీద ఊళ్లు, దారులు కట్టుకుంటూ ముందుగా పది పాయింట్లు చేరాలి. కలప, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం అనే ఐదు సరుకులు కావాలి. అన్నీ ఒకరికే పండవు కనుక అడిగి మార్చుకోవాల్సిందే. ఉల్లి మార్కెట్‌లో బేరాలు చూస్తూ పెరిగిన తాడేపల్లిగూడెం కుర్రాడికి ఇది రెండో రౌండుకే పట్టుబడుతుంది. ‘ఇటుక ఇవ్వు, రెండు ధాన్యం ఇస్తా’ అన్నప్పుడు ఎదుటివాడి మొహం చదవడమే అసలు ఆట. రెండు పాచికలు కలిసి ఏడు పడే అవకాశం ముప్పై ఆరింట ఆరు. అన్ని అంకెల్లోకీ అదే ఎక్కువ. ఏడు పడితే దొంగ కదులుతాడు, చేతిలో ఏడుకు మించి కార్డులు దాచుకున్నవాళ్లు సగం వదులుకోవాలి. లోపమూ ఉంది. మొదటి రెండు ఊళ్లు తప్పు చోట పెడితే మిగిలిన గంటంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

టికెట్ టు రైడ్: అలన్ ఆర్. మూన్ చేసిన 2004 నాటి బహుమతి ఆట. రంగుల కార్డులు పోగేసి ఊరికీ ఊరికీ మధ్య రైలుపెట్టెలు పేర్చాలి. ఒక పెట్టె దారికి ఒక్క పాయింటు, ఆరు పెట్టెల దారికి పదిహేను. 1911 నాటి భారతదేశ పటంతో విడి బోర్డు కూడా ఉంది, కానీ రైలుపెట్టెలూ కార్డులూ మూల ఆటలోంచే తెచ్చుకోవాలి. హౌరా–చెన్నై లైను పక్కన బతికే మన ఊళ్లవాళ్లకు నియమాలు పది నిమిషాల్లో చెప్పొచ్చు. మొదటి పెట్టెగా కొనదగ్గది ఇదే. మీకు కావాల్సిన దారిని ఎదుటివాడు ముందే మూసేస్తే వచ్చే ఉక్రోషానికి మాత్రం మందు లేదు.

పాండెమిక్: మాట్ లీకాక్, 2008. ఇక్కడ ఆటగాళ్లంతా ఒక పక్షం. నలభై ఎనిమిది నగరాల పటం మీద నాలుగు వ్యాధులు పాకుతుంటాయి. ఆ నగరాల్లో చెన్నై కూడా ఉంది. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. కోడిపందేల నేలలో ఈ మాట కాస్త వింతగానే వినిపిస్తుంది. పెత్తనం చేసే మనిషి ఒకరుంటే చాలు, మిగతావాళ్ల ఎత్తులు కూడా ఆయనే వేసేస్తాడు. అది ఆట తప్పు కొంత, మన ఉమ్మడి కుటుంబాల తప్పు కొంత.

అజూల్: 2018 బహుమతి ఆట. ఐదు రంగుల నూరు పలకలు, గోడ మీద పేర్చే అల్లిక. చదవాల్సిన అక్షరమే లేదు. తివాచీల ఏలూరులో రంగుల వరస కుదరడమంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. అమ్మమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చోవచ్చు. చూడ్డానికి సాధువుగా ఉంటుంది గానీ ఎదుటివాళ్లకు పనికిరాని పలకలు అంటగట్టే గడుసుదనం లోపల చాలా ఉంది.

వింగ్‌స్పాన్: ఈ ప్రాంతంవాళ్లు ఎక్కువసేపు ఆగి చూడాల్సిన పెట్టె ఇది. ఎలిజబెత్ హార్‌గ్రేవ్ అనే అమెరికన్, పక్షుల మీది ఇష్టంతో చేసిన ఆట. 2019లో జర్మనీలోనే అనుభవజ్ఞుల విభాగం బహుమతి అందుకుంది. నూట డెబ్బై కార్డుల మీద నూట డెబ్బై పక్షులు. అడవి, గడ్డిభూమి, చిత్తడినేల అనే మూడు ఆవాసాల్లో వాటిని చేర్చుకోవాలి. పురుగు, గింజ, చేప, పండు, ఎలుక అనే మేతల్లో ఏ పక్షికి ఏది కావాలో అది ఇస్తేనే వాలుతుంది. గూళ్లలోనూ రకాలున్నాయి, వాటిలో వేదిక గూడు ఒకటి. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన కృత్రిమ మంచెల మీద గూడబాతులు పిల్లల్ని లేపడం చూసినవాళ్లకు ఆ గుర్తు వెంటనే అర్థమవుతుంది. మూల పెట్టెలో ఉన్నవి ఉత్తర అమెరికా పక్షులు. ఆసియా పక్షులతో 2022లో వేరే పెట్టె వచ్చింది, అది ఇద్దరికి విడిగా సరిపోతుంది. రెండు ఇబ్బందులు. ప్రతి కార్డు మీదా ఇంగ్లిషు చదవాలి. పైగా ఎవరి పక్షులు వాళ్లవే. పక్కవాడు ఏం చేస్తున్నాడో పట్టించుకోకుండా ఆట ముగించవచ్చు.

పెట్టె కొనకుండా

దిగుమతి పెట్టె అంటే కొన్ని వేల రూపాయలు. నలుగురు స్నేహితులు తలో ఆటా కొని మార్చుకోవడం ఒక దారి. కాగితం, కత్తెర చాలు అనే దారీ ఉంది. ‘కోడ్‌నేమ్స్’ 2016 బహుమతి ఆట. అసలు సరంజామా ఇరవై ఐదు మాటలే. అష్టాచెమ్మా పటంలాగే ఐదు అయిదుల గళ్లు. రెండు జట్లు, జట్టుకో నాయకుడు. ఏ మాట ఎవరిదో నాయకులిద్దరి దగ్గరే చీటీ ఉంటుంది. నాయకుడు సూచనగా ఒక్క మాట, అది ఎన్నిటికి వర్తిస్తుందో ఒక అంకె చెబితే జట్టు తన మాటలు వెతికి ముట్టుకోవాలి. తొమ్మిది ఒకరివి, ఎనిమిది రెండోవాళ్లవి, ఏడు ఎవరివీ కావు. మిగిలిన ఒక్కటి ముట్టుకుంటే ఆ జట్టు ఓడినట్టే.

దీన్ని తెలుగులో ఆడి చూడండి. బల్ల మీద దోనె, వల, గూడబాతు, పులస, బరి, చెరువు ఉన్నాయనుకుందాం. మొదటి మూడూ మీవి. ‘కొల్లేరు, మూడు’ అని సూచన ఇవ్వాలని నోటిదాకా వస్తుంది. కానీ ముట్టుకోకూడని మాట ‘చెరువు’. మీ జట్టువాడు కైకలూరువాడైతే ముందు దాని మీదే వేలు పెడతాడు! ఎదుటివాడి బుర్రలో ఏ మాట పక్కన ఏ మాట ఉందో ఊహించడమే ఈ ఆట. అది సొంత భాషలో ఆడితేనే రుచి.

కొల్లేరు బల్ల

చెన్నైలోని ‘క్రీడా’ సంస్థ 2002 నుంచి పాత ఆటలను కొత్త పెట్టెల్లో అమ్ముతోంది. తెలుగు నేల నుంచి కొత్త ఆట పుట్టాలంటే ఇతివృత్తం కోసం దూరం పోనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు పట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే సరస్సు మన గుమ్మం ముందే ఉంది. 1999లో ప్లస్ ఐదు కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సరస్సు లోపల వేసిన చేపల చెరువుల గట్లు తెంచారు. తర్వాత కూడా తగవు తెగలేదు.

బోర్డు గేమ్ భాషలో చెబితే లెక్క ఇదీ. ఒక్కో ఆటగాడిది ఒక్కో లంక గ్రామం. గట్టు వేస్తే వెంటనే డబ్బు వస్తుంది. కానీ ప్రతి గట్టూ వరద నిలిచే చోటును ఒక గడి తగ్గిస్తుంది. తమ్మిలేరు కార్డు పడ్డప్పుడు చోటు చాలకపోతే అందరి ఊళ్లూ మునుగుతాయి. గట్టు ఒక్కరూ వెయ్యకపోతే బడికి, ఆసుపత్రికి డబ్బుండదు. పక్షులు పోతే చూడవచ్చే జనమూ పోతారు. ఎవరూ దుర్మార్గులు కాకుండానే సరస్సు ఎలా చిక్కిపోతుందో నలభై నిమిషాల్లో చేతులకు తెలిసొస్తుంది. కాయలకు ఏటికొప్పాక లక్కబొమ్మల కర్ర ఉంది. నియమాలు సరిచూసి తూకం కుదర్చడానికి తాడేపల్లిగూడెంలో నిట్ విద్యార్థులున్నారు. తొలి నమూనాకు పాత క్యాలెండరు వెనకవైపు సరిపోతుంది. టాయిబర్ కూడా తన ఆటలను ముందు ఇంట్లోవాళ్లతోనే ఆడించి చూసేవారు.

ఒక్క నియమం మాత్రం మొదటే పెట్టుకోవాలి. ఎవరి పాత్ర వాళ్లకు ఇవ్వకూడదు. చెరువు రైతుకు పక్షుల లెక్క, అటవీశాఖ ఉద్యోగికి గట్టు లెక్క, పట్నం నుంచి వచ్చిన పక్షిప్రేమికుడికి వల లెక్క అప్పజెప్పాలి. సభల్లో ఎంత మాట్లాడినా ఎదుటివాడి కష్టనష్టాలు కూడి చూడని మనిషి, గెలవాలంటే తప్పదని తెలిస్తే కూడి చూస్తాడు.