బొంగు కాలేలోగా జపాను కబురు

అరకులోయ: ఘాటీ ఎక్కి అరకు వచ్చిన యాత్రికుడు రైలు దిగినా, బస్సు దిగినా ముందుగా అడిగేది బొంగు చికెన్ ఎక్కడ దొరుకుతుందనే. బొర్రా గుహల దారిలో, గాలికొండ దగ్గర, చాపరాయి గెడ్డ గట్టున నిప్పుల మీద వాల్చిన పచ్చి వెదురు గొట్టాలు వరసగా కనబడుతూనే ఉంటాయి. ఏజెన్సీ పాఠకులకు ఇందులో వింతేమీ లేదు. అయితే ఇటీవల ఒక ఆదివారం అటువంటి దుకాణం ముందు బల్లమీద కూర్చున్నప్పుడు ఈ విలేకరికి దొరికిన కబురు మాత్రం కొత్తది.

పక్కన కూర్చున్న పెద్దాయనకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. విశాఖ మనిషి. వయసులో ఉన్నప్పుడు ఓడ మీద పనిచేశారట. మనవలతో కలిసి అరకు చూడవచ్చారు. ‘‘ఎంతసేపు పడుతుందమ్మా?’’ అని మనవడు అడిగితే, దుకాణం నడిపే ఆమె ‘‘ముప్పావు గంట బాబూ’’ అంది. కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వి, ‘‘ఇంతకంటే ఎక్కువసేపు కాచుకుని తిన్నానోయ్ జపానులో’’ అని మొదలుపెట్టారు.

ఆయన జపాను ఎలా వెళ్లారో చెప్పాలంటే ఈ కొండలమీద పోయే రైలు సంగతి ముందు చెప్పాలి. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే లైను 1960లలో వేసింది యాత్రికుల కోసం కాదు. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, ఓడలకెక్కించి జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడం కోసం. ఆ దేశానికీ మన దేశానికీ కుదిరిన ఒప్పందం మీదనే ఇన్ని సొరంగాలు తవ్వారు. పెద్ద ఓడలు నిలవడానికి విశాఖలో బయటి రేవు 1976లో సిద్ధమయింది. అద్దాల పెట్టె తగిలించి యాత్రికులను తిప్పడమంతా 2017 తర్వాతి ముచ్చట. మన పెద్దాయన ఎక్కింది ఆ ఖనిజం మోసే ఓడే, 1980 ప్రాంతంలో.

రేవులో సరుకు దిగుతుండగా అక్కడి ఏజెంటు నలుగురిని భోజనానికి తీసుకుపోయాడట. పెద్ద హోటలని చెప్పి చిన్న చెక్క ఇంటి ముందు నిలబెట్టాడు. పేరున్న బోర్డు లేదు, గుమ్మానికి నీలం గుడ్డ తెర కట్టి ఉంది. లోపల పట్టుమని పదిమంది కూర్చునే చోటు. ‘‘ఇదేటి, మనల్ని టీ కొట్టుకి తెచ్చాడనుకున్నాం. తీరా చూస్తే ఒక పూట తిండికి మా రెండ్రోజుల జీతం’’ అన్నారు పెద్దాయన.

ఆ ఇంట్లో వండేది ఒకటే వంట. సోబా అంటారు. అంటే నూడుల్సు, మన సేమ్యా కంటే పొడుగు, కాస్త మట్టిరంగు. గోధుమ పిండితో కాక బక్‌వీట్ అనే గింజ పిండితో చేస్తారు. మన చోళ్లు, సామల మాదిరే ఇదీ మంచి నేల అడగని పంట. చలి ప్రదేశంలో, కొండవాలులో, రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. వరి పండని కొండ ఊళ్లలో బీదాబిక్కీ కడుపు నింపిన గింజ అది. పట్నాలకు దిగాక వీధిబండ్ల మీద కూలి జనం నిలబడి తిన్నారు. ఇవాళ అదే గింజతో చేసిన వంటకు ఖరీదైన ఇళ్లు వెలిశాయి. చోడి అంబలి తాగి పెరిగిన మనం ఈ మాట దగ్గర కాసేపు ఆగవచ్చు.

వంటాయన వాళ్ల ఎదటే పిండి కలిపాడట. నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించి, ముద్ద చేసి, పొడుగాటి కర్రతో పలచగా వత్తి, మడతలు పెట్టి, చేటంత కత్తితో సన్నగా తరిగాడు. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం. తీసి చన్నీళ్లలో కడిగి, వెదురు పుల్లల జల్లెడ మీద పోసి తెచ్చిపెట్టాడు. పక్కన చిన్న గిన్నెలో ఎండుచేప, సోయా కలిపి కాచిన పులుసు. నూడుల్సు ఆ పులుసులో కొసలు ముంచి జుర్రుకుని తినాలి. చప్పుడు చేస్తే తప్పు లేదట. మన ఇళ్లలో అయితే తాతలు నెత్తిమీద మొట్టేవారు.

‘‘మూడు తాజాలుంటేనే అది సోబా అని చెప్పాడు ఏజెంటు. అప్పుడు విసిరిన పిండి, అప్పుడు వత్తిన రొట్టె, అప్పుడు ఉడికిన పోగు. ఏ ఒకటి నిలవదైనా ఆ ఇంటి పరువు పోయినట్టే. అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఆఖరిది. నూడుల్సు ఉడికించిన నీళ్లుంటాయి చూడు, అవి చిన్న పాత్రలో పట్టుకొచ్చి మిగిలిన పులుసులో పోశాడు. తాగమన్నాడు. గంజి! రెండ్రోజుల జీతం పెట్టి గంజి తాగాను. మా అమ్మ గుర్తొచ్చింది నాయనా.’’

ఆ దేశంలో వెదురు లేనిదే తిండి నడవదని కూడా ఆయన చెప్పారు. వేసవిలో నిలువునా చీల్చిన బొంగులో చల్లటి నీళ్లు పారిస్తూ అందులో సన్నటి నూడుల్సు వదులుతారట. గట్టున కూర్చున్నవాళ్లు పుల్లలతో పట్టుకుని తినాలి. పోయింది పోయినట్టే. ఈ మాటకు మనవలు బాగా నవ్వారు.

ఇంతసేపూ దుకాణం ఆమె నిప్పుల ముందు నుంచి లేవలేదు. గొట్టాలను చేత్తో తిప్పుతూనే ఉంది. ఒక వైపు కణుపు ఉంచి రెండో వైపు కోసిన బొంగులో ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కుతారు. నూనె లేదు, నీళ్లు లేవు. పచ్చి బొంగులోని తడే ఆవిరయి ముక్కను ఉడికిస్తుంది. ఎండు బొంగు పెడితే కూరకంటే ముందు గిన్నె కాలుతుంది. ఒకసారి వండిన బొంగు మళ్లీ పనికిరాదు. అంటే విందుకొక కొత్త పాత్ర కావాలన్నమాట.

పెద్దాయన చెప్పిన మూడు తాజాలు ఇక్కడా ఉన్నాయి. ఆ ఉదయం నరికిన బొంగు, అప్పుడు కోసిన కోడి, అప్పుడు దించిన కూర. కొన్నిచోట్ల యాత్రికుల తొందర చూసి కూర ముందే పొయ్యి మీద వండేసి, బొంగులో పోసి వేడిచేసి ఇస్తున్నారని ఆమే చెప్పింది. తిన్నవాడికి తేడా తెలియదా అంటే, ‘‘తెల్దు బాబూ, మొదటిసారి తిన్నోడికేటి తెల్సు? మావే పాడు చేసుకుంతన్నాం’’ అంది.

తొందర కోరేవారికి మరో వంట కూడా ఉంది. నీళ్లు పోస్తే తయారయ్యే పొట్లం నూడుల్సు పుట్టింది కూడా జపానులోనే, 1958లో. మన దేశానికి రెండు నిమిషాల నూడుల్సు మ్యాగీ పేరుతో 1983లో వచ్చాయి. ఇప్పుడు ఘాటీలో బొంగుల పక్కనే ఆ పసుపు పొట్లాల దండలు వేలాడుతున్నాయి. అంతమాత్రాన జపానువాడు చిన్న దుకాణాన్ని చిన్నచూపు చూడలేదు. టోక్యోలో త్సుట అనే తొమ్మిది కుర్చీల నూడుల్సు కొట్టుకు 2015 చివర మిషెలిన్ నక్షత్రం దక్కింది. పెద్ద పెద్ద హోటళ్లు ఆశపడే గుర్తింపు అది.

మన ఆమెకు కావలసింది నక్షత్రం కాదు, బొంగు. ‘‘మా అత్త కాలంలో ఇంటెనకే ఉండేది. ఇప్పుడు మాయన తెల్లారగట్ల కొండెక్కి మజ్జేన్నానికి దిగుతన్నాడు’’ అంది. కార్తీకంలో మాంసం ముట్టనివాళ్ల వల్ల కొంత తగ్గినా, డిసెంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా గొట్టాలు చాలవు. వెదురు పొదలో ముదురు బొంగు తీసి కొత్తదాన్ని వదలాలని అడవి తెలిసినవారంతా చెబుతారు. కొత్త బొంగు ఆకు తొడిగి దుంపకు బలం ఇస్తేనే మరుసటి వానలకు పిలకలు లేస్తాయి. వంటకు కావలసిందేమో పచ్చిగా, తడిగా ఉన్న బొంగు. గిరాకీ ఎక్కువైన రోజున కత్తి ఆ కొత్తదానిమీదే పడుతోంది. వానాకాలంలో వెదురు కొమ్ములు కూరకు పోతాయి, శీతాకాలంలో బొంగులు చికెన్‌కు పోతాయి. ఇక పొదకు మిగిలేదేమిటి?

2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. సేకరించుకుని అమ్ముకునే హక్కు గిరిజనులకు రాసిపెట్టింది. మంచిదే. హక్కు కాగితం మీద ఉన్నా బొంగు కొండమీద ఉండాలి కదా. యాత్రికులు ఇచ్చే సొమ్ములో కోడికి, మసాలాకు, కట్టెలకు లెక్క వేస్తారు గాని బొంగుకూ, అది మోసిన మగమనిషి పూటకూ ఎవరూ లెక్క వేయరు. జపాను సోబా ఇంట్లో రెండ్రోజుల జీతం తీసుకున్నది పిండికి కాదు, వత్తిన చేతికి.

ఈమె లెక్క వేసుకున్నట్టుంది. రెండేళ్ల క్రితం పొలం గట్టున నాలుగు వెదురు మొక్కలు నాటిందట. అయిదారేళ్లు పోతే గాని గొట్టానికి పనికొచ్చే బొంగు రాదు. ‘‘మేకలు తినకుండా సూసుకోవాల, అదే పెద్ద పని’’ అంది.

ముప్పావు గంట కాస్తా గంటయింది. పచ్చటి గొట్టం నల్లబడ్డాక దించి, మూతి ఆకులు లాగి అడ్డాకు మీద దులిపింది. ఆ వాసన రాయడం ఈ విలేకరి వల్ల కాదు. గొట్టం అడుగున నాలుగు చెంచాల రసం మిగిలితే పెద్దాయన డొప్పలో పోయించుకుని, జపానులో మాదిరే గట్టిగా జుర్రారు. ‘‘తాతా, చప్పుడు!’’ అని మనవరాలు కసిరింది.

ఇంతలో కారు ఆగింది. దిగినవాళ్లలో ఒకాయన పొయ్యి దగ్గరకు వచ్చి, ‘‘పది నిమిషాల్లో అవుతుందా?’’ అని అడిగాడు.

‘‘అవదు బాబూ’’ అంది ఆమె, కొత్త బొంగు నిప్పుల మీద వాలుస్తూ. ‘‘కూకోండి.’’