ఫోనులో పద్యనాటకం

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’లో శ్రీకృష్ణ పాత్రతో మన ఉత్తరాంధ్రకు చెందిన పీసపాటి నరసింహమూర్తి గారు పేరు పొందారు. అలాంటి పద్యనాటకాల వీడియోలు ఇప్పుడు ఇంట్లోనే చూస్తున్నాం. పద్యం చివర రాగం సాగగానే పిల్లలు ముందుకు జరిపేస్తారు.

అసలు నాటకం ఆ రాగంలోనే ఉంది. కథ అందరికీ తెలిసిందే. జనం వచ్చేది పద్యం వినడానికి. నచ్చితే ‘వన్స్ మోర్’ అనేవారు, నటుడు మళ్లీ పాడేవాడు. వీడియోను వెనక్కి తిప్పుకోగలం గాని, మన కేక ఆయనకు చేరదు. క్రిస్మస్ నాటకంలో చప్పట్లు వినబడకపోతే మన పిల్లలు ఎంత చిన్నబోతారో మనకు తెలుసు కదా!

కాబట్టి వీడియోను పెద్దలతో కలిసి చూడండి, పద్యాల అర్థం చెప్పించుకోండి. మీ ఊళ్లో నాటకం వేసిన రాత్రి మాత్రం వెళ్లి ముందు కూర్చోండి. కళాకారునికి మన చప్పట్లు వినబడేది అక్కడే.