వంశములు చెప్పు సభలు

మా తరగతిలో నొకనాడు, పాఠము ముగిసిన పిమ్మట, "మీ తాతగారి తండ్రిపేరేమి?" యని విద్యార్థుల నడిగితిమి. చెప్పగలిగినవారు కొలదిమంది. "మీ అవ్వగారి తల్లిపేరో?" యని యడుగగా తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. అప్పుడొక బాలుడు లేచి, "అయ్యా, మీ అవ్వగారి తల్లిపేరేమి?" యని మమ్ములనే తిరిగి ప్రశ్నించెను. మాకును తెలియలేదు. ఇంటికి పోయి యడుగుదమనుకొన్నను, చెప్పగల పెద్దలు మా యింట నెవరును మిగిలియుండలేదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

అన్యదేశములయందు ఇట్టి విషయములను విచారించుటకై సంఘములే యేర్పడియున్నవి. అమెరికాలో బోస్టను నగరమున 1845లోనే అట్టి సంఘ మొకటి పుట్టెను. లండనులో వంశచరిత్రజ్ఞుల సంఘము 1911లో నేర్పడినది. హిందూదేశమున ఆంగ్లేయుల కాలమున నివసించిన కుటుంబములను గూర్చి పరిశోధించు సంఘమొకటి 1998లో ఇంగ్లండున స్థాపింపబడినది. ఇట్టి సంఘముల సభలలో ఒకరు ఉపన్యసింతురు. పాత రిజిస్టరు నెట్లు చదువవలయునో, ఏ కాగితములు ఎచ్చట దొరకునో చెప్పుదురు. పిమ్మట సభ్యులు తమతమ వంశవృక్షములను బయటికి తీయుదురు. "ఈయన మీ పూర్వికుడు కాడు, అదే పేరుగల మఱియొకడు" అని ప్రక్కనున్నవారు ఆక్షేపింతురు. మా దృష్టికి ఉపన్యాసముకన్న ఈ యాక్షేపణయే సభకు ప్రాణము. ఇంటిలో ఒంటరిగా వ్రాసికొన్న వంశవృక్షమునకు అడ్డు చెప్పువాడుండడు గనుక అది వ్రాసినవాని యిష్టము వచ్చినంత ఎత్తునకు పెరుగును.

ఇదంతయు మనకు క్రొత్త యని తలపవలదు. తెలుగుదేశమున పిచ్చికుంట్లవారను గాయకులు రెడ్లు మొదలగు కాపుకుటుంబముల యిండ్లకు వచ్చి వారి గోత్రమును, ఇంటిపేరును, మూలపురుషులను పాడి చెప్పుచుండిరి. ఒక రెడ్డికి అనేకులు కుమారులుండగా నందొకడు కుంటివాడయ్యెననియు, సేద్యము చేయలేని యతడు సోదరుల వంశములను కీర్తించుచు వారిచ్చినది తిని బ్రదుకునట్లు ఏర్పాటయ్యెననియు వారు తమ పుట్టుకను గూర్చి కథ చెప్పుకొందురు. మాదిగలకు డక్కలివారును, రాజులకు దొరలకు భట్రాజులును ఇట్టివారే. కోతలై ధాన్యము ఇల్లు చేరినపుడు గాయకుడు అరుగుమీద కూర్చుండి మొదలిడును. ఇంటివారు, దాయాదులు, ఇరుగుపొరుగువారు చుట్టు చేరుదురు. పేరు తప్పినచో ముసలివారు ఊరకుందురా? "నిలువుము, ఆయన పెద్దవాడు కాడు, నడిమివాడు" అని దిద్దుదురు. ఇదియు నొక వంశచరిత్ర సభయే గదా! అధ్యక్షుడు లేడు, చందా మాత్రము ధాన్యరూపమున కలదు.

అయితే ఈ పాటలయందు లోపములును కలవు. కానుక యిచ్చువానిని పొగడవలసిన గాయకుని నోట పిఱికివాడైన తాత యెన్నడును వినబడడు. అంతకంటె పెద్దలోపము, కూతుండ్ర పేర్లు తఱచుగా రాకుండుట. ఆడుబిడ్డ పరాయి యింటికి పోవునది గనుక పుట్టినింటి పాటలో నామెకు చోటు లేదు. మెట్టినింటి పాటలో ఫలానివాని భార్య యనియో, ఫలానివాని తల్లి యనియో మిగులును. మా తరగతిలో కలిగిన నిశ్శబ్దమునకు మూలమిచ్చట నున్నది.

వ్రాతమూలముగా నిలిచినవాటిలో మొదట చెప్పదగినవి గ్రామకరణముల కవిలెలు. 1800లో నైజామువారు ఈ మండలములను ఆంగ్లేయుల కిచ్చిన పిమ్మట, కర్నల్ కాలిన్ మెకంజీ, ఏలూరువారగు కావలి సోదరుల సహాయముతో, ఊరూర నున్న కవిలెలను పెద్దల మాటలను ఆధారము చేసికొని కైఫీయత్తులు వ్రాయించెను. ఊరెవరు కట్టిరి, చెఱువెవరు త్రవ్వించిరి, కరణీకమెవరి కెట్లు వచ్చెను అను సంగతులు అందు దొరకును. 1858లో చెన్నరాజధానిలో మొదలైన ఇనాము విచారణలో, ఇనామెవరిచ్చిరి, మొదట పొందినవాడెవడు, అప్పటి యనుభవదారుడెవడు, అతని వయస్సెంత అను వివరములను వరుసగా వ్రాసిరి. ఇనాము భూమిగల కుటుంబమునకు ఆ రిజిస్టరు వంశవృక్షముతో సమానము. భూమిలేనివానికి అది తెల్లకాగితము. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దయినప్పుడు లెక్కలు ప్రభుత్వమునకు చేరినవి. ఇండ్లలో మిగిలిన సొంత కాగితములు ఏమైనవో ఆ యా యింటివారే చెప్పవలయును. మేమెఱిగిన యొక యింట అవి పాతసామానుల వానికి తూకమున పోయినవి.

ఇంటిపేర్లను గూర్చి ఒక హెచ్చరిక. తళ్ళికోట యుద్ధము జరిగిన 1565వ సంవత్సరము తరువాత తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా జేసికొనెను గనుక, పెనుకొండ యను నింటిపేరుగలవారు తాము రాజబంధువులమని సంతోషింపవచ్చును. కాని యాలోచింపుడు. పెనుకొండలో నున్న వానిని పెనుకొండవాడని పిలిచిన ప్రయోజనమేమి? అందఱును పెనుకొండవారే! ఊరు విడిచి మఱియొక యూర స్థిరపడినవానికే విడిచిన యూరిపేరు అంటుకొనును. అట్టి యింటిపేరు గొప్పతనమునకు గుర్తు కాదు, ప్రయాణమునకు గుర్తు. పేరు మాత్రము చాలదనుటకు లేపాక్షి నిదర్శనము. అచ్యుతదేవరాయల కాలమున ఆలయమును విస్తరింపజేసిన విరూపణ్ణ, వీరణ్ణలు సోదరులనియు, నంది లక్కిసెట్టి కుమారులనియు శాసనములవలన తెలియుచున్నది. పేరు, తండ్రిపేరు, ఊరు, కాలము, ఈ నాలుగును కూడిననే మనుష్యుడు గుర్తింపబడును.

కాలమన్న మాట వచ్చినది గనుక లెక్కనుగూర్చి కొంచెము చెప్పెదము. పెద్దలు క్రీస్తుశకమును చెప్పరు. "ధాత కరువులో మా ముత్తాత పోయెను" అందురు. ఈ సీమను పీడించిన ఆ మహాక్షామము 1876 మొదలు 1878 వఱకు నడచినది. 1876లో వచ్చిన సంవత్సరము ధాత. కాని ధాత అఱువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును: 1816, 1876, 1936, 1996. "ధాతలో పుట్టితిని" అన్నవాని మాట ఏ ధాతయో తేల్చుకొననిచో ఒకటి రెండు తరములు తాఱుమాఱగును. భూమి కాగితములలోని ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును; శాసనములలోని శకవర్షమునకు 78 కలుపవలయును. జిల్లాపేరును అట్లే చూచుకొనవలయును. 1882 వఱకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము బళ్ళారి జిల్లాలోనివి. పిమ్మట అనంతపురము జిల్లాలోనివి. 2022 నుండి శ్రీసత్యసాయి జిల్లాలోనివి. ఒక్క యింటనే పుట్టిన తాత, తండ్రి, మనుమడు మూడు జిల్లాలవారుగా కాగితములయందు కనబడవచ్చును.

జిల్లా తెలియనందున దారి తప్పువారు మన యూరివారే కాదు. కూలిపనికై ఓడలెక్కిపోయిన తెలుగువారి సంతతివారును కలరు. 1834 నుండి మారిషసునకును, 1860 నుండి నేటాలునకును, 1903 నుండి చెన్నపట్టణపు రేవునుండి ఫిజీకిని కూలీలు పోయిరి. ఓడ పట్టికలలో వారి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడెను. స్వదేశమున ఏ కవిలెలోను ఎక్కని బీదవాని పేరు, స్వదేశము విడుచునప్పుడు మొదటిసారి కాగితము కెక్కినది! స్త్రీల పేర్లును అందు వేఱుగానే కలవు. కాని తెలుగెఱుగని గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన యూరిపేరు నేడు ఏ పటములోను దొరకదు. ఆ ముక్క చేతబట్టుకొని వెదకువారికి, అక్షరములు చూడక బిగ్గరగా చదివి చూడుడని మేము చెప్పుదుము. చెవిలో తప్పిన యూరు చెవిలోనే దొరకవచ్చును. భూమిలేనివారికి ఇచ్చట దొరకు కాగితములు బడిలో చేర్చుకొను పుస్తకము, దేవాలయములోని బాప్తిస్మపు పుస్తకము, జననమరణముల లెక్క.

మేమును ఒక చిన్న సభ జరిపితిమి. ప్రతివిద్యార్థియు ఇంటనున్న మిక్కిలి వృద్ధులను అడిగి వ్రాసికొని రావలెననియు, తల్లివైపువారిని మొదట అడుగవలెననియు, విన్నదాని ప్రక్కన ఎవరు చెప్పిరో వ్రాయవలెననియు నియమించితిమి. కులమును గూర్చిన ప్రగల్భములకు తావియ్యలేదు. కొందఱు రెండు తరములకే ఆగిరి. ధాత కరువునాటికి ముందు ఏమియు తెలియదని యొకడు చెప్పి సిగ్గుపడగా, అదియే మంచి చరిత్రయని, అట్లే వ్రాయుమని చెప్పితిమి.

ధర్మవరపు నేతపనివారి బాలిక యొకతె తన అవ్వను సభకే తోడుకొని వచ్చినది. ఆ వృద్ధురాలికి సంవత్సరములు తెలియవు. కాని తనకు కండెలు చుట్ట నేర్పినది తన అత్తయనియు, ఆమెకు నేర్పినది ఆమె అత్తయనియు, ఆ పైదానిని హిందూపురము ప్రక్క పల్లెనుండి తెచ్చిరనియు చెప్పుచు, వ్రేళ్ళు మడుచుచు, అయిదు తరముల కోడండ్ర పేర్లను తడబడక చెప్పినది. మగవారి పేర్లడుగగా మూడవ తరముననే ఆగి, "వాళ్ళవి మీ కాగితాల్లో ఉంటాయి కదా నాయనా" అని నవ్వినది. ఆమె చెప్పిన పేర్లను ఆ బాలిక తన చేవ్రాతతోనే పుస్తకములో ఎక్కించినది.