ఊరి పక్కనే కంప్యూటర్ చదువు!

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటింటా ఒకటే చర్చ. 'కంప్యూటర్స్ సరే... ఎక్కడ?' అని. ఒకప్పుడు దానికి జవాబు విశాఖపట్నమో హైదరాబాదో! హాస్టల్ ఖర్చు భరించలేక, ఆడపిల్లను అంతదూరం పంపలేక చదువు మాన్పించిన ఇళ్లూ ఉన్నాయి.

1997లో చింతలవలసలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ, 2001లో టెక్కలిలో ఆదిత్య కాలేజీలు వచ్చాక ఆ దూరం తగ్గింది. 2017లో ఏకంగా ప్రైవేటు విశ్వవిద్యాలయమే వచ్చింది. అదే సెంచూరియన్. ఇదీ టెక్కలే... కానీ శ్రీకాకుళం జిల్లాది కాదు, విజయనగరం దగ్గర నెల్లిమర్ల మండలంలోది. దీని మూలాలూ పొరుగునే ఉన్నాయి. పాతపట్నం దాటగానే వచ్చే పర్లాకిమిడిలో 2005లో ఓ ఇంజినీరింగ్ కాలేజీని చేపట్టినవారే, 2010లో ఒడిశాలో సెంచూరియన్ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు.

ప్రోగ్రాము రాస్తే చాలదు

బీటెక్ సీఎస్ఈ అయినా, ఐటీ అయినా, బీసీఏ అయినా... అందులో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పాఠాలుంటాయి. సమాచారాన్ని సేకరించి, భద్రపరిచి, కావాల్సినవారికి కావాల్సినప్పుడు అందించడం ఎలాగో నేర్పే చదువది. పలాస జీడి పరిశ్రమనే తీసుకోండి. 80 కిలోల పిక్కల బస్తాకు పప్పు ఎంత దిగింది, అందులో గుండు ఎంత, బద్ద ఎంత... చిట్టా పుస్తకంలో ఉన్న ఈ లెక్కలే కంప్యూటర్లోకి చేరితే నష్టం ఎక్కడొస్తోందో యజమానికి ఇట్టే తెలుస్తుంది.

ఉద్దానం కిడ్నీ బాధితుల విషయంలో అయితే ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. పాత పరీక్ష చీటీ పోతే, డాక్టరుకు ఇవాళ్టి క్రియాటినిన్ అంకె ఒక్కటే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఫలితాలన్నీ ఒకేచోట ఉంటే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో అర్థమవుతుంది. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. అలాంటి చోట ఒకే ఊరి నుంచి నలుగురు అప్పలనాయుళ్లు వస్తే? ఒకరి రిపోర్టు మరొకరి పేరున పడకూడదు. అందుకే ఒక్కొక్కరికీ వేర్వేరు నంబరు ఇవ్వాలి. డేటాబేస్ పాఠంలో 'ప్రైమరీ కీ' అంటే అదే మరి!

చేరేముందు అడగండి

* విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందా?
* సీటు ఏ కోటాలోది? ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లను కన్వీనర్ కోటా కింద ఇవ్వాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. కోటాను బట్టి ఖర్చు ఎంతో మారిపోతుంది.
* మొదటి ఏడాది ఫీజే కాదు, నాలుగేళ్లకూ కలిపి ఎంతవుతుంది?
* ల్యాబులో వారానికి ఎన్ని గంటలు? ఒక్కో విద్యార్థికి ఒక్కో కంప్యూటర్ ఉందా?

చిన్న విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తక్కువైతే మాస్టారు ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలవగలరు. అది లాభమే. అయితే, పెద్ద నగరాల్లోలా కంపెనీలు పక్క వీధిలో ఉండవు. ఆ లోటు పూడాలంటే చదువుతోపాటే నిజమైన పని చేసి చూపించాలి. అందుకే అక్కడి సీనియర్లు కనిపిస్తే 'ప్యాకేజీ ఎంత?' అని కాదు... 'నువ్వు తయారుచేసింది ఎవరైనా వాడుతున్నారా?' అని అడగండి. అసలు సంగతి ఆ జవాబులోనే తెలిసిపోతుంది!